ప్రోనోటు లెక్కతో జావాస్క్రిప్ట్ ఆపరేటర్లు: బ్రౌజర్ కన్సోల్‌లో అడుగడుగునా

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం గుర్తులు బడిలో చేరినప్పటి నుంచీ చూస్తున్నవే. ప్రోగ్రామింగ్‌లో ఇలాంటి గుర్తులనే ఆపరేటర్లు అంటారు. అయినా ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లు ముందుగా తడబడేది వాటి దగ్గరే. గుర్తుకు అటూ ఇటూ ఉన్నది అంకెనా, అక్షరాలా? ఒకే వరుసలో నాలుగు గుర్తులుంటే ఏది ముందు పనిచేస్తుంది? ఈ రెండు ప్రశ్నలు వేసుకోకుండా రాసేస్తాం కాబట్టి లెక్క తప్పుతుంది.

ఈ మార్గదర్శికి జావాస్క్రిప్ట్‌ను ఎంచుకున్నాను. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్‌లోనే ఉంటుంది. దీన్ని 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ తయారుచేశారు. ఆపరేటర్ల గుర్తులు చాలావరకు సి భాష నుంచి తెచ్చుకున్నవే కాబట్టి, ఇక్కడ నేర్చుకున్నవి రేపు జావాలోనూ పనికొస్తాయి. ఉదాహరణ మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే: ప్రోనోటు మీద తీసుకున్న అప్పు. అసలు 35,000 రూపాయలు, రెండు రూపాయల వడ్డీ, అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. నోటు రాసి 17 నెలలైంది.

1. కన్సోల్ తెరవండి

కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, కొత్త ట్యాబ్‌లో ఎఫ్12 నొక్కండి. పక్కనో కిందో తెరుచుకునే పెట్టెలో కన్సోల్ అనే ట్యాబ్ ఎంచుకోండి. కంట్రోల్, షిఫ్ట్, జే మూడూ కలిపి నొక్కినా నేరుగా అక్కడికే వెళ్తారు. ఫోన్‌లోని క్రోమ్‌లో ఈ సౌకర్యం లేదు.

కింది ఉదాహరణలను కాపీ చేయకుండా టైప్ చేయండి. కన్సోల్‌లో మొదటిసారి పేస్ట్ చేయబోతే బ్రౌజర్ హెచ్చరిస్తుంది. మోసగాళ్లు పంపిన కోడ్‌ను జనం ఇక్కడ అతికించి ఖాతాలు పోగొట్టుకుంటున్నారని పెట్టిన అడ్డు అది. పైగా వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో తెచ్చిన కోడ్‌లో కొటేషన్ గుర్తులు వంపు తిరిగి ఉండొచ్చు, వాటిని జావాస్క్రిప్ట్ ఒప్పుకోదు.

ఉదాహరణల్లో రెండు గీతల (//) తర్వాత రాసింది వ్యాఖ్య మాత్రమే, కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. అక్కడ నేను జవాబు చూపిస్తాను. ట్రూ, ఫాల్స్, నాన్ లాంటి జవాబులు మీ తెర మీద ఇంగ్లిష్ అక్షరాల్లో కనిపిస్తాయి.

2. విలువలకు పేర్లు పెట్టండి: =

```
అసలు = 35000
వడ్డీ = 2
నెలలు = 17
```

అవును, పేర్లు తెలుగులోనే పెట్టొచ్చు. పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు, అంకెతో మొదలు కాకూడదు. రెండు మాటలుంటే మధ్యలో అడుగు గీత పెట్టండి: వడ్డీ_మొత్తం. అసలైన ప్రోగ్రామ్‌లో పేరుకు ముందు లెట్ లేదా కాన్స్ట్ అని రాయాలి. కన్సోల్‌లో సాధనకు అది లేకున్నా నడుస్తుంది.

ఇక్కడ = అంటే సమానం అని చదవకండి. కుడివైపు విలువ తేల్చి, ఎడమవైపు పేరులో పెట్టమని అర్థం.

సంఖ్యల్లో కామాల సంగతి ముందే చెప్పుకోవాలి. ఇలా రాస్తే ఏమవుతుందో చూడండి:

```
అసలు = 35,000     // 0
అసలు              // 35
```

ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించదు, అదే ప్రమాదం. జావాస్క్రిప్ట్‌లో కామా కూడా ఒక ఆపరేటరే. ఎడమవైపు పని చేసి, తర్వాత కుడివైపు పని చేసి, కుడివైపు విలువను చూపిస్తుంది. అసలులో 35 పడింది, 000 వేరే విలువగా మిగిలింది. ముప్పై అయిదు వేలు కాస్తా ముప్పై అయిదు రూపాయలైంది. కళ్లకు తేలికగా ఉండాలంటే అడుగు గీత వాడండి. అంకెల మధ్య దాన్ని ఎక్కడ పెట్టాలో భాషకు పట్టింపు లేదు కాబట్టి మన లక్షల పద్ధతిలోనే 1_25_000 అని రాసుకోవచ్చు.

తెలుగు అంకెలు (౧, ౨, ౩) పేర్లలో చెల్లుతాయి కానీ సంఖ్యలుగా చెల్లవు. ముందుకెళ్లే ముందు అసలు = 35000 అని మళ్లీ ఇవ్వండి.

3. నాలుగు లెక్కలు, వాటి వరుస

```
అసలు * వడ్డీ * నెలలు / 100            // 11900
అసలు + అసలు * వడ్డీ * నెలలు / 100     // 46900
(అసలు + అసలు) * వడ్డీ * నెలలు / 100   // 23800
```

మొదటిది బారువడ్డీ, రెండోది వడ్డీతో కలిపి కట్టాల్సిన మొత్తం. మూడోదానికి అర్థం లేదు, బ్రాకెట్ పెడితే లెక్క ఎంత మారుతుందో చూపించడానికే. గుణకారం (*), భాగహారం (/), శేషం (%) ఒకే హోదాలో ఉంటాయి. అవి ఎడమ నుంచి కుడికి జరిగాక కూడిక, తీసివేతల వంతు. బ్రాకెట్ ఉంటే దానిదే మొదటి వంతు.

సున్నాతో భాగిస్తే కొన్ని భాషలు ప్రోగ్రామ్‌ను ఆపేస్తాయి. జావాస్క్రిప్ట్ ఆపదు. 10 / 0 అంటే ఇన్ఫినిటీ అంటుంది, 0 / 0 అంటే నాన్ అంటుంది, అంటే ఇది సంఖ్య కాదని. నాన్ తనకు తానే సమానం కాదు:

```
లెక్క = 0 / 0
లెక్క === లెక్క     // ఫాల్స్
```

ఒకసారి నాన్ లెక్కలోకి దూరితే ఆ తర్వాత చేసే కూడికలు, గుణకారాలు అన్నీ నాన్‌గానే వస్తాయి. తెర మీద అది కనిపిస్తే వెనక్కి వెళ్లి మొదట ఎక్కడ పుట్టిందో వెతకండి.

4. శేషం: %

దీన్ని శాతం అనుకునేవాళ్లు చాలామంది. శాతానికి జావాస్క్రిప్ట్‌లో గుర్తేమీ లేదు, 100తో భాగించుకోవాల్సిందే. % ఇచ్చేది భాగహారంలో మిగిలిన శేషం. 17 నెలలంటే ఎన్నేళ్లు, ఎన్ని నెలలు?

```
నెలలు / 12                      // 1.4166666666666667
నెలలు % 12                      // 5
(నెలలు - నెలలు % 12) / 12       // 1
```

ఒక ఏడాది అయిదు నెలలు. మూడో వరుసలో శేషాన్ని ముందే తీసేశాం కాబట్టి భాగహారం చిల్లర లేకుండా తెగింది. అక్కడ బ్రాకెట్ మరిచిపోతే 16.58 చిల్లర వస్తుంది, ఎందుకో మూడో అడుగులోని వరుసతో మీరే తేల్చుకోగలరు.

పైథాన్ నేర్చుకుని వచ్చినవాళ్లకు ఒక మాట. అక్కడ రెండు గీతలంటే పూర్ణాంక భాగహారం. ఇక్కడ ఆ గీతల తర్వాతదంతా వ్యాఖ్య, కాబట్టి 17 // 5 అని రాస్తే 17 అనే వస్తుంది. రుణ సంఖ్యల దగ్గర కూడా రెండు భాషలూ వేరు. ఫిబ్రవరికి అయిదు నెలల ముందు ఏ నెల?

```
(2 - 5) % 12                // -3
((2 - 5) % 12 + 12) % 12    // 9
```

జావాస్క్రిప్ట్‌లో శేషానికి భాజ్యం గుర్తే వస్తుంది, అందుకే మైనస్ 3. పైథాన్‌లో మొదటి వరుసకే 9 వస్తుంది. 12 కలిపి మళ్లీ శేషం తీస్తే ఇక్కడా తొమ్మిదో నెల, సెప్టెంబర్, దొరుకుతుంది. ఈ పద్ధతిలో డిసెంబర్‌కు 12 బదులు 0 వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

5. ఘాతం: ** 

రెండు నక్షత్రాలు కలిపి రాస్తే ఘాతం. ఇది 2016లో భాషలోకి వచ్చింది. చక్రవడ్డీకి ఇదే కావాలి. ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపితే మూడేళ్లకు ఎంత?

```
35000 * 1.24 ** 3      // 66731.84
35000 * 1.02 ** 36     // 71396 పైచిలుకు
(35000 * 1.24) ** 3    // 81746504000000
```

మొదటిది ఏడాదికి ఒకసారి తిరగరాసే నోటు, రెండోది నెలనెలా వడ్డీకి వడ్డీ. బారువడ్డీ అయితే అదే మూడేళ్లకు 60,200. మూడో వరుసలో బ్రాకెట్ తప్పుచోట పడింది, అప్పు 81 లక్షల కోట్లు దాటింది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది. 60 వేల చోట 66 వేలు వచ్చే రకం తప్పులే ఎవరి కంటా పడవు.

లెక్కల గుర్తుల్లో ఘాతం ఒక్కటి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది: 2 ** 3 ** 2 అంటే 512. మైనస్ సంఖ్యను బ్రాకెట్ లేకుండా -2 ** 2 అని రాస్తే అసలు ఒప్పుకోదు. అస్పష్టంగా రాసినదాన్ని ఈ భాష తిప్పికొట్టే అరుదైన చోట్లలో ఇదొకటి.

కాగితం మీద ఘాతానికి వాడే టోపీ గుర్తు ^ ఇక్కడ వేరే పని చేస్తుంది, సంఖ్యలను బిట్ల స్థాయిలో, అంటే 0, 1 లుగా విడగొట్టి పోలుస్తుంది. 35000 ^ 2 అంటే 35002 వస్తుంది, 5 ^ 2 అంటే 7 వస్తుంది. చూడ్డానికి కూడినట్టే ఉంటుంది, 2 ^ 3 అని ఇచ్చి చూస్తే ఆ భ్రమ పోతుంది: 1. బిట్ల ఆపరేటర్లు ఇంకా ఉన్నాయి కానీ మొదటి ఏడాది వాటి అవసరం రాదు.

6. + రెండు పనులు చేస్తుంది

మొత్తం వ్యాసంలో ఒక్క అడుగు దగ్గరే ఆగాలంటే ఇక్కడ ఆగండి. కొటేషన్లలో ఉన్నది అక్షరాల వరుస, అందులో అంకెలే ఉన్నా సరే. అంకెల మధ్య + కూడుతుంది. ఒక పక్క అక్షరాలుంటే రెండో పక్కను కూడా అక్షరాలుగా మార్చి అతికిస్తుంది.

```
35000 + 11900         // 46900
"35000" + 11900       // "3500011900"
"35000" - 11900       // 23100
"35000" * 2           // 70000
```

మైనస్‌కు, గుణకారానికి అతికించే పని లేదు కాబట్టి అవి అక్షరాలను అంకెలుగా మార్చుకుని లెక్క చేసేస్తాయి. దాంతో ఒక పేజీలో తీసివేతలన్నీ సరిగ్గా వస్తూ, కూడిక దగ్గర మాత్రం మూడువందల యాభై కోట్లు కనిపిస్తాయి. ఇది కల్పించిన ఇబ్బంది కాదు. వెబ్ పేజీలో పెట్టెలో మనం టైప్ చేసేది ఏదైనా ప్రోగ్రామ్‌కు అక్షరాలుగానే అందుతుంది.

మార్గం: లెక్కలోకి రాకముందే అంకెగా మార్చండి. విలువ ముందు ఒంటరి + పెడితే చాలు.

```
+"35000" + 11900      // 46900
+"35,000"             // నాన్
+"౩౫"                 // నాన్
```

కామాలున్నా తెలుగు అంకెలున్నా మార్చలేక చేతులెత్తేస్తుంది. ఫారం నింపే మనిషి కామా పెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ముందే తీసేయాలి.

అతికింపు కూడా ఎడమ నుంచే జరుగుతుంది:

```
35000 + 11900 + " రూపాయలు"      // "46900 రూపాయలు"
"మొత్తం " + 35000 + 11900       // "మొత్తం 3500011900"
"మొత్తం " + (35000 + 11900)     // "మొత్తం 46900"
```

7. పైసల దగ్గర జాగ్రత్త

```
0.1 + 0.2       // 0.30000000000000004
1.15 * 100      // 114.99999999999999
```

మీ కంప్యూటర్ పాడవలేదు. జావాస్క్రిప్ట్ సంఖ్యలను 64 బిట్ల ద్వ్యంశ రూపంలో, అంటే 0, 1 మాత్రమే వాడే పద్ధతిలో దాస్తుంది. మన దశాంశ పద్ధతిలో మూడో వంతు ఎప్పటికీ తెగనట్టే, ద్వ్యంశంలో పదో వంతు తెగదు. డబ్బు లెక్క రాసేటప్పుడు అంతా పైసల్లో, పూర్ణాంకాలుగా నడిపి, చూపించేటప్పుడే 100తో భాగించండి. రూపాయలను పైసలుగా మార్చేటప్పుడు రెండో వరుసలోని తోక వస్తుంది, దాన్ని మ్యాథ్.రౌండ్ అనే ఫంక్షన్‌తో సరిచేసుకోవాలి.

పూర్ణాంకాలకూ ఒక హద్దుంది. 2 ** 53 === 2 ** 53 + 1 అని అడిగితే ట్రూ అంటుంది! 9007199254740991 దాటాక ప్రతి సంఖ్యనూ విడిగా గుర్తించలేదు. ప్రోనోట్లకు ఆ భయం లేదు.

8. చెల్లు వేయడం: -= మరియు దాని చుట్టాలు

17 నెలలప్పుడు అప్పు తీసుకున్న మనిషి 15,000 ఇచ్చి నోటు వెనక చెల్లు వేశారు. ముందు వడ్డీ 11,900 పోను, మిగిలింది అసలులో తగ్గాలి.

```
అసలు -= 15000 - 11900         // 31900
35000 - 15000 - 11900         // 8100
```

పేరు -= విలువ అంటే ఆ పేరులో ఉన్నదాంట్లోంచి తీసేసి అందులోనే పెట్టమని. కుడివైపు ఎంత పొడుగున్నా ముందు అదంతా ఒక విలువగా తేలుతుంది, కనిపించని బ్రాకెట్ ఉన్నట్టే. విడదీసి రాసేటప్పుడు ఆ బ్రాకెట్ మరిస్తే రెండో వరుసలోలా 23,800 రూపాయలు గాలికి పోతాయి. +=, *=, /=, %= కూడా ఇదే తీరు.

నెలలు++ అంటే ఒకటి పెంచు. కానీ కన్సోల్ పాత విలువనే చూపిస్తుంది, పెంచడం ఆ తర్వాత కనబడుతుంది. నేనైతే నెలలు += 1 అనే రాస్తాను, చదివేవాళ్లకు అనుమానం ఉండదు.

9. పోల్చడం

పోలిక ఆపరేటర్లు ట్రూ లేదా ఫాల్స్ ఇస్తాయి: <, >, <=, >=, సమానానికి ===, అసమానానికి !==. రెండు సమాన గుర్తుల == కూడా ఉంది. అది రెండు పక్కలనూ తనకు తోచినట్టు మార్చి పోలుస్తుంది.

```
"2" == 2       // ట్రూ
"2" === 2      // ఫాల్స్
"" == 0        // ట్రూ
"9" > "10"     // ట్రూ
```

మూడో వరుస ప్రకారం ఖాళీగా వదిలేసిన పెట్టె, సున్నా రెండూ ఒకటే. వడ్డీ ఎంతో రాయలేదు అన్నదానికీ వడ్డీ లేదు అన్నదానికీ తేడా లేకపోతే ఎలా? మూడు గుర్తుల === నే అలవాటు చేసుకోండి. నాలుగో వరుసలో రెండు పక్కలా అక్షరాలే కాబట్టి నిఘంటువులో మాటలను పోల్చినట్టు మొదటి అక్షరాన్నే చూసింది. తెలుగు మాటలను ఇలా పోల్చినా యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టిక) సంఖ్యల వరుసే చూస్తుంది. "ళ" < "వ" అని అడిగితే ట్రూ అంటుంది, మన వర్ణమాలలో ళ వచ్చేది హ తర్వాత అయినా సరే.

లెక్కల పుస్తకంలో రాసినట్టు రెండు హద్దులు ఒకేసారి రాయకండి. నెలలు 50 అనుకుందాం:

```
12 <= 50 <= 36      // ట్రూ
```

ముందు 12 <= 50 తేలి ట్రూ అయింది. తర్వాత ట్రూ ఒకటిగా మారి, 1 <= 36 కూడా ట్రూ అయింది. సరైన పద్ధతి తర్వాతి అడుగులో ఉంది.

10. మరియు, లేదా, కాదు: &&, ||, !

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అడిగినప్పుడు ఇస్తానని రాసే ప్రోనోటు మీద మామూలుగా మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ మూడేళ్లలోపు అప్పు తీసుకున్న మనిషి సంతకంతో చెల్లు పడితే గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. మూడేళ్లు దాటాక వేసిన చెల్లుతో ఆ ప్రయోజనం ఉండదు. కోర్టు చూసేది తేదీలనే, మనం సాధన కోసం నెలల్లో రాద్దాం.

```
నోటు_వయసు = 50
చెల్లు_నాటి_వయసు = 30
చెల్లు_తర్వాత = 20

నోటు_వయసు <= 36 || చెల్లు_నాటి_వయసు <= 36 && చెల్లు_తర్వాత <= 36     // ట్రూ
```

పోలికలు ముందు, తర్వాత &&, చివర ||. అంటే చెల్లు షరతులు రెండూ కలిసి ఒక ముక్క, నోటు వయసు ఇంకో ముక్క, రెంటిలో ఏది నిజమైనా చాలు. చెల్లు నాటి వయసు 40, తర్వాత 10 అని మార్చి చూడండి, ఫాల్స్ వస్తుంది.

ఇప్పుడు చెల్లే పడని, 20 నెలల నోటు తీసుకోండి. నోటు_వయసు = 20 అని, మిగతా రెంటిలోనూ "లేదు" అని పెట్టండి. పై వరుస ట్రూ అంటుంది, సరైనదే. మొదటి రెండు షరతులను బ్రాకెట్‌లో కట్టేస్తే మాత్రం ఫాల్స్ అంటుంది. "లేదు"ను అంకెగా మారిస్తే నాన్, నాన్‌తో ఏ చిన్నా పెద్దా పోలికైనా ఫాల్స్. గడువున్న నోటు కాలం చెల్లినట్టు తేలింది. వరుస తెలిసినా సరే, && మరియు || కలిసిన చోట బ్రాకెట్లు మీరే పెట్టండి. చదివేవాళ్లు వరుస గుర్తుచేసుకోనక్కర్లేదు.

ఆశ్చర్యార్థకం ! తలకిందులు చేస్తుంది, అదీ పక్కనున్నదాన్ని మాత్రమే. !(నెలలు > 36) సరైనది. !నెలలు > 36 అంటే ముందు నెలలు తలకిందులై ఫాల్స్ అవుతుంది, తర్వాత దాన్ని 36తో పోలుస్తుంది.

11. లేకపోతే ఏం చేయాలి: ||, ??, ?:

|| అచ్చంగా ట్రూ, ఫాల్స్ ఇవ్వదు. ఎడమవైపు విలువ పనికొస్తే దాన్నే ఇస్తుంది, లేకపోతే కుడివైపుది. అందుకే వడ్డీ చెప్పకపోతే రెండు రూపాయలు అనుకో అనడానికి వడ్డీ || 2 అని రాసేవారు. చేబదులు దగ్గర అది దెబ్బతింటుంది:

```
వడ్డీ = 0
వడ్డీ || 2     // 2
వడ్డీ ?? 2     // 0
```

సున్నా కూడా దానికి లేనట్టే లెక్క. వడ్డీ లేకుండా ఇచ్చిన డబ్బుకు నెలకు రెండు రూపాయలు పడింది. 2020లో వచ్చిన ?? ఈ పని కోసమే. విలువ నల్ లేదా అన్‌డిఫైన్డ్ (రెండూ విలువ లేదని చెప్పే మాటలే) అయితేనే కుడివైపుకు వెళ్తుంది.

ఇక ?: మూడు ముక్కల ఆపరేటర్: షరతు ? నిజమైతే : కాకపోతే. అన్నీ కలిపి రాద్దాం. అసలు = 35000, వడ్డీ = 2, నెలలు = 17 మళ్లీ ఇచ్చి, ఇది టైప్ చేయండి:

```
"కట్టాల్సింది " + (అసలు + అసలు * (వడ్డీ ?? 2) * నెలలు / 100) + " రూపాయలు, " + (నెలలు <= 36 ? "గడువు ఉంది" : "గడువు దాటింది")
```

"కట్టాల్సింది 46900 రూపాయలు, గడువు ఉంది" అని రావాలి. వచ్చాక పై బాణం మీట నొక్కి అదే వరుసను వెనక్కి తెచ్చి, చివరి జత బ్రాకెట్లు తీసేసి ఎంటర్ కొట్టండి. ఈసారి మొత్తం మాయమై "గడువు దాటింది" అని మాత్రమే మిగులుతుంది. + కు <= కంటే ముందు వంతు కాబట్టి కట్టాల్సింది నుంచి 17 దాకా అంతా ఒకే అక్షరాల వరుసగా అతుక్కుంది. ఆ వరుసను 36తో పోల్చబోతే అది నాన్ అయింది, పోలిక ఫాల్స్ అయింది, మూడో ముక్క జవాబుగా వచ్చింది.